ఎంవీపీలో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: రెండు కొటేషన్లు ఉన్నాయి, ఏది తీసుకోవాలి?

సెక్టార్7_డాబా:
నమస్కారం అండి. ఇల్లు వైజాగ్ ఎంవీపీ కాలనీలో, గ్రౌండ్ ప్లస్ వన్, పైడాబా మొత్తం మాదే. సముద్రం కిలోమీటరున్నర లోపే. వాడకం నెలకి సగటున 420 యూనిట్లు. ఏప్రిల్, మే నెలల్లో రెండు ఏసీలతో 600 దాటుతుంది, సంక్రాంతి రోజుల్లో 200కి దిగుతుంది. సింగిల్ ఫేజ్ సర్వీసు. డాబా తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 22. నైరుతి మూల మెట్ల గది, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. పిట్టగోడ మూడడుగులు.

చేతిలో రెండు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది 1,75,000: 540 వాట్ల ప్యానెళ్ళు 5, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేది), "జీఐ స్ట్రక్చర్" (ప్యానెళ్ళు నిలబెట్టే ఇనుప చట్రం). రెండోది 2,05,000: అవే ప్యానెళ్ళు 6, అదే సైజు ఇన్వర్టర్, "హాట్ డిప్ స్ట్రక్చర్". రెండింటి మీదా "3 కిలోవాట్ల సిస్టమ్" అనే రాశారు. ముప్పై వేల తేడాకి అర్థం ఉందా? సబ్సిడీ పోను ఎన్నేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది? హుద్‌హుద్ తుఫాను లాంటిది మళ్ళీ వస్తే ఇవి ఆగుతాయా అన్నది ఇంట్లో అందరి భయం.

యూనిట్ల_లెక్క:
ముందు కొటేషన్ల సంగతి. 540 వాట్లవి ఐదంటే 2.7 కిలోవాట్లు, 3 కాదు. సబ్సిడీ లెక్కలో ప్యానెళ్ళ మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింట్లో ఏది తక్కువైతే అదే చూస్తారు. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000, మూడోదానికి 18,000, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000కి మించదు. ఈ లెక్కన మొదటి కొటేషన్‌కి వచ్చేది 72,600, రెండోదానికి 78,000. మీ జేబులోంచి పోయేది 1,02,400, లేదా 1,27,000. అసలు తేడా ముప్పై కాదు, దాదాపు పాతికవేలు. కిలోవాటు ధర చూస్తే మొదటిది 64,800 పైన, రెండోది 63,300 లోపు. చవకగా కనిపించిందే కాస్త ఖరీదు.

ఇక బిల్లు. మన కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ ఇళ్ళ శ్లాబులు మీకు తెలిసే ఉంటాయి: 30 యూనిట్ల వరకు యూనిటుకి 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. 420 యూనిట్లకి ఎనర్జీ చార్జీ (వాడిన యూనిట్ల ఖరీదు) ఒక్కటే 2,743 రూపాయలు. సోలార్ యూనిట్లు ఈ నిచ్చెన పైమెట్టు నుంచి కోసుకుంటూ దిగుతాయి. మీ ఇంట్లో మొదటి 120 యూనిట్లు తగ్గితే 1,070 మిగులుతుంది. తర్వాతి 120కి 926. ఆ తర్వాతి 120కి 600. ఆరు ప్యానెళ్ళకి ఏడాది సగటున రోజుకి 12 యూనిట్లు వేసుకోండి (కిలోవాటుకి 4 అని అందరూ చెప్తారు, దుమ్మూ మబ్బులూ ఎండవేడీ తీసేస్తే నేను వేసే లెక్క ఇది). నెలకి 360. బిల్లులో మిగిలేది 60 యూనిట్లు, దాని ఎనర్జీ చార్జీ 147. అంటే నెలకి 2,596 ఆదా, ఏడాదికి 31,000 పైచిలుకు. 1,27,000 నాలుగేళ్ళలో తీరిపోతుంది. ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం ఎలాగూ కట్టాలి.

ఐదు ప్యానెళ్ళయితే నెలకి 300 వస్తాయి, 120 యూనిట్ల బిల్లు 394. ఆరో ప్యానెల్ వల్ల ఏడాదికి మిగిలేది మూడు వేల లోపే. అంటే ఆ పాతికవేలని యూనిట్ల మీదే రాబట్టాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది. రెండో కొటేషన్ తీసుకోమని చెప్పడానికి కారణం ఆరో ప్యానెల్ కాదు, స్ట్రక్చర్. దాని గురించి కింద ఎవరైనా వివరంగా రాస్తారు.

ఇంకో మాట. 5 కిలోవాట్లు పెట్టించుకోండి, మిగులు కరెంటు అమ్ముకోవచ్చు అని ఎవరైనా అంటే వినకండి. గ్రిడ్‌కి (కరెంటు కంపెనీ లైనుకి) పంపిన మిగులు యూనిట్లు తర్వాతి నెలలకి జమ అవుతాయి, అంతవరకూ బాగుంది. కానీ సెటిల్‌మెంట్ (జమ యూనిట్ల లెక్క తేల్చే రోజు) నాటికి మిగిలిపోయిన వాటికి ఇచ్చే ధర మీరు కొనే ధర కంటే చాలా తక్కువ. పైగా 3 దాటిన కిలోవాట్లకి సబ్సిడీ సున్నా. నెలకి 150 యూనిట్లే వాడే ఇంటివాళ్ళకైతే తొందరేమీ లేదనే చెప్తాను. వాళ్ళ బిల్లు 567, అందులో 6 రూపాయల శ్లాబులో ఉన్నవి పాతిక యూనిట్లే.

ఉప్పుగాలి:
స్ట్రక్చర్ గురించి నేను రాస్తాను. వైజాగ్‌లో సోలార్ అంటే ఇదే అసలు విషయం. ప్యానెల్ ఎవరిదైనా పాతికేళ్ళు పనిచేస్తుంది, కింద ఇనుము నిలబడితే.

గాలి బలం ముందు. కట్టడాల మీద గాలి బలానికి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖపట్నానికి డిజైన్‌లో తీసుకోవలసిన మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. మీ ఆరు ప్యానెళ్ళ వైశాల్యం పదిహేనున్నర చదరపు మీటర్లు. స్థూలంగా లెక్కేసినా 2,300 కిలోల పైకెత్తే బలం. ఆరు ప్యానెళ్ళ సొంత బరువు 170 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సిమెంటు దిమ్మ ఒకటి 68 కిలోలు, అలాంటివి ఆరు పెడితే 400. 2,300 ముందు ఇదెంత? శ్లాబు మీద ఊరికే దిమ్మలు పెట్టి "బరువుకే ఆగుతుంది సార్" అనేవాళ్ళ మాట నమ్మొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు ఏం చూసిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

దిమ్మలకి శ్లాబుతో కట్టు ఉండాలి. అక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మన డాబాల శ్లాబు మందం ఐదంగుళాలు, దాని మీద వెదరింగ్ కోర్సో (ఎండ, వాన ఆపే పైపొర) కూలింగ్ టైల్సో రెండు మూడంగుళాలు. నాలుగంగుళాల యాంకర్ బోల్టు పైనుంచి దించితే చాలాభాగం ఆ పైపొరలోనే ఉండిపోతుంది, అది దేన్నీ పట్టుకోదు. అలాగని లోతుగా దింపితే శ్లాబు కిందకి చీలి వాన కారుతుంది. అందుకని కాళ్ళని బీముల మీదకి వచ్చేలా సర్దించండి. పైపొరని ఆ మేరకు చెక్కించి, బీములో 12 మి.మీ. ఊచలు ఎపాక్సీ జిగురుతో నాటించి, వాటి చుట్టూ దిమ్మ పోత పోయించాలి. రంధ్రం చేశాక బ్రష్‌తో ఒకసారి రుద్ది, గాలి పంపుతో ఊది, మళ్ళీ రుద్ది ఊదాలి. లోపల పొడి ఉండిపోతే ఎపాక్సీ ఆ పొడినే పట్టుకుంటుంది, లాగితే ఊచ జారి వచ్చేస్తుంది. రంధ్రంలో వేలు పెట్టి చూడండి, తెల్లపొడి అంటితే ఇంకా శుభ్రం కాలేదని. దిమ్మకీ శ్లాబుకీ అతుకు దగ్గర పాలీయురేథేన్ సీలెంట్ పూయించి, దిమ్మలు ఏడు రోజులు తడిపాకే స్ట్రక్చర్ ఎక్కించాలి.

తర్వాత వాలు. మన అక్షాంశం 17.7 డిగ్రీలు, కాబట్టి దక్షిణానికి 17 డిగ్రీల వాలు పెట్టడం పుస్తకం లెక్క. సముద్రం పక్కన 10 చాలు. ఉత్పత్తి నూటికి ఒకటి రెండు తగ్గుతుందేమో, గాలి పట్టు మాత్రం బాగా తగ్గుతుంది. 10 కన్నా దించితే నీళ్ళు జారవు, కింది అంచున మట్టి నిలుస్తుంది. ఎనిమిదడుగుల ఎత్తున పందిరిలా వేసి కింద బట్టలు ఆరేసుకుందామనే ఆశ ఎంవీపీ, లాసన్స్ బే, రుషికొండ వైపు వదిలెయ్యండి. దక్షిణపు అంచు రెండడుగుల ఎత్తున ఉంటే పిట్టగోడ కూడా కొంత అడ్డుకుంటుంది.

ఇక తుప్పు. మొదటి కొటేషన్‌లో "జీఐ" అని రాసినది చాలాసార్లు జీపీ పైపే (ముందే జింకు పూసిన రేకుతో చేసినది) అయి ఉంటుంది: 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 120 గ్రాముల) జింకు పూత, ఒక్కో వైపు ఎనిమిది మైక్రాన్ల పైచిలుకు. హాట్ డిప్ అంటే మొత్తం తయారయ్యాక కరిగిన జింకులో ముంచి తీసినది, 80 మైక్రాన్లు. సముద్రపు గాలిలో జింకు ఏడాదికి రెండు నుంచి నాలుగు మైక్రాన్లు తరుగుతుంది, ఒడ్డున ఇంకా ఎక్కువే. ఎనిమిదిని నాలుగుతో భాగించి చూసుకోండి. పైగా జీపీ పైపుని డాబా మీదే కోసి వెల్డింగ్ చేస్తారు, అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, దాని మీద సిల్వర్ పెయింట్ కొట్టి వెళ్ళిపోతారు. మొదటి వానాకాలానికే అతుకుల నుంచి ఎర్రటి చారలు దిగుతాయి. సరుకు దిగిన రోజున పైపు లోపలికి టార్చి వేసి చూడండి. హాట్ డిప్ అయితే లోపల కూడా గరుకైన బూడిదరంగు పూత ఉంటుంది, అక్కడక్కడా జింకు గడ్డకట్టిన బొట్లు కనిపిస్తాయి. నున్నగా మెరిస్తే జీపీ. హాట్ డిప్ స్ట్రక్చర్‌కి సైట్‌లో వెల్డింగ్ ఉండకూడదు, అంతా బోల్టులే. తప్పనిసరై ఎక్కడైనా కోస్తే ఆ కొసకి జింక్ రిచ్ పెయింట్ రెండు పూతలు వెయ్యాలి.

నట్లూ బోల్టులూ ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం) అడగండి. 304 మీ దూరంలో గోధుమరంగు మరకలు పడుతుంది. స్టెయిన్‌లెస్ నట్టు గ్రీజు లేకుండా గట్టిగా తిప్పితే మరల్లోనే బిగుసుకుపోతుంది, మళ్ళీ ఎప్పటికీ రాదు, కాబట్టి యాంటీ సీజ్ (మరలు బిగుసుకోకుండా వాడే గ్రీజు) పూసి బిగించాలి. ఎం8 క్లాంపు బోల్టుకి 16 నుంచి 20 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే. ఏటా అక్టోబరుకి ముందు ఒకసారి మళ్ళీ తిప్పి చూడాలి. ప్యానెళ్ళకి ఉప్పుగాలి పరీక్ష సర్టిఫికెట్, ఐఈసీ 61701, తప్పకుండా అడగండి. మంచి కంపెనీలన్నింటికీ ఉంటుంది.

డీసీ_వైరు:
పై రిప్లైకి కొనసాగింపుగా నీడ గురించి. మీ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతిలో ఉంది, మన దగ్గర సగం ఇళ్ళకి ఇదే చిక్కు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తునే ఉంటాడు, సరిగ్గా నైరుతిలో. నీడ ఈశాన్యానికి, అంటే డాబా నడిమధ్యకి పడుతుంది. పొడవు ఎత్తుకి 1.74 రెట్లు. మెట్ల గది, ట్యాంకు కలిపి 12 అడుగులు అనుకుంటే, ప్యానెల్ మట్టం మూడడుగులు తీసేసి, 16 అడుగుల నీడ: తూర్పుకి 12, ఉత్తరానికి పదిన్నర.

కాబట్టి ఆరింటినీ ఒకే వరసలో పెట్టనివ్వకండి. ఒక్కో ప్యానెల్ 2278 × 1134 మి.మీ., వరస 22 అడుగులకి పైనే అవుతుంది, పడమటి ప్యానెళ్ళు సాయంత్రాలు నీడలో ఉంటాయి. అన్నీ ఒకే స్ట్రింగ్ (ఒకదానికొకటి వరసగా కలిపిన వైరింగ్) కాబట్టి ఆ నష్టం స్ట్రింగ్ అంతటికీ పాకుతుంది. మూడు చొప్పున రెండు వరసలు తూర్పు పిట్టగోడకి రెండడుగులు వదిలి పెట్టించండి. పదకొండున్నర అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవులో సరిపోతుంది. నీడ కొస డిసెంబరులో కాసేపు తగిలితే తగలనివ్వండి. పక్కింటి కొబ్బరిచెట్టు, కేబుల్ టీవీ స్తంభం కూడా ఉదయం తొమ్మిదికోసారి చూసుకోండి.

ఇన్వర్టర్ కొనేముందు ఒక అంకె చూడాలి. 540 వాట్ల ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు దాదాపు 14 యాంపులు, పనిచేసేటప్పుడు 13. పాత మోడళ్ళ ఎంపీపీటీ (ఇన్వర్టర్లో ప్యానెళ్ళ కరెంటు తీసుకునే భాగం) పరిమితి 11 లేదా 12.5 యాంపులే. అలాంటిది తగిలిస్తే ఎండ బాగా ఉన్న పూటే ఉత్పత్తి కోత పడుతుంది, మీకు ఎందుకో తెలియదు. వోల్టేజీతో ఇబ్బంది లేదు, ఆరు సిరీస్‌లో ఓపెన్ సర్క్యూట్ 300 లోపే.

ప్యానెళ్ళ వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, కాంటాక్టు వేడెక్కి కరుగుతుంది. డాబా మీద మంట పుట్టేది ఎక్కువగా ఇక్కడి నుంచే. పట్టకారుతో నొక్కనివ్వకండి, క్రింపింగ్ టూల్ ఉందో లేదో చూడండి. కనెక్టర్లు శ్లాబు మీద పడి ఉండకూడదు, రెయిలుకి టైతో కట్టాలి.

ఎర్తింగ్ మూడు వేరువేరుగా: ప్యానెళ్ళు స్ట్రక్చర్‌కి ఒకటి, ఇన్వర్టర్ ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మీ దగ్గర నేల ఉప్పు తేమది, ఎర్తింగ్ నిరోధం సులువుగా 5 ఓమ్‌ల లోపు వస్తుంది, కానీ జీఐ కడ్డీని తినేస్తుంది, రాగిపూత కడ్డీ వేయించండి. ఎండాడ, మధురవాడ కొండవాలు ఇళ్ళకి దీనికి పూర్తిగా రివర్స్, రాయి తగిలి ఓమ్‌లు దిగవు, ఒక గుంతకి రెండు కలపాల్సి వస్తుంది. రాగి లగ్గుని (వైరు కొసకి తొడిగే బిళ్ళ) నేరుగా అల్యూమినియం ఫ్రేముకి బిగిస్తే ఉప్పుగాలికి తెల్లపొడిగా మారి పట్టు పోతుంది. తగరపు పూత ఉన్న లగ్గు వాడాలి.

సెక్టార్7_డాబా:
చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో మూడు సందేహాలు. సర్వీసు ఇంకా నాన్నగారి పేరునే ఉంది, ఆయన ఇప్పుడు లేరు. దానివల్ల అడ్డంకా? కరెంటు పోయినప్పుడు పగలైనా ఫ్యాన్లు తిరుగుతాయా? రెండో కంపెనీ అతను "నెట్ మీటర్ (వచ్చే కరెంటు, పంపే కరెంటు రెండూ లెక్కించేది) వచ్చేలోపు ఆన్ చేసుకోండి, ఏం కాదు" అంటున్నాడు. నిజమేనా?

యూనిట్ల_లెక్క:
పేరు మార్పు ముందు చేయించండి, మిగతావన్నీ ఆ తర్వాతే. సూర్య ఘర్ పోర్టల్‌లో దరఖాస్తు సర్వీసు నంబరు మీద నడుస్తుంది, సబ్సిడీ దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు, ఖాతా పేరు ఇంటిపేరు స్పెల్లింగ్‌తో సహా ఒకటిగా ఉండాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వం లేదా ఆస్తి కాగితం, ఇంటిపన్ను రసీదు పట్టుకుని వెళ్ళండి. మిగతా వారసులుంటే వాళ్ళ అంగీకారం కూడా రాయించి పెట్టుకోండి.

దరఖాస్తు దాటాక పెద్ద చిక్కులుండవు. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చినట్టు లెక్క అని 2024లో నిబంధన మార్చారు. ప్యానెళ్ళు డీసీఆర్, అంటే సెల్లూ మాడ్యూలూ రెండూ ఇక్కడ తయారైనవే ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. సరుకు దిగినప్పుడు ఒక్కో ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీసి, కంపెనీ ఇచ్చిన డీసీఆర్ కాగితంలోని నంబర్లతో సరిచూడండి. ఎక్కించాక వెనక్కి దూరి చూడటం కష్టం. కంపెనీ ఐదేళ్ళ మెయింటెనెన్స్ ఇవ్వాలి, అది ఒప్పందంలో ఉంటుంది. సబ్సిడీ మొత్తం తగ్గించి మిగతాదే ఇవ్వండి అని ఎవరైనా అంటే, ఖాతాలో పడే డబ్బు మీదే కాబట్టి తర్వాత తగాదాకి చోటివ్వకుండా లెక్క కాగితం మీద పెట్టండి. స్కీము 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే.

మీటరు సంగతి: ఆన్ చెయ్యొద్దు. పాత మీటర్లు చాలావాటికి కరెంటు ఏ వైపు వెళ్తోందో తేడా తెలియదు, మీరు బయటికి పంపిందాన్ని కూడా వాడకంగానే లెక్కేస్తాయి. మధ్యాహ్నం ఇంట్లో వాడకం లేనప్పుడు పంపిన ఎనిమిది యూనిట్లు మీ బిల్లులో కలుస్తాయి. అదీ పై శ్లాబులో.

డీసీ_వైరు:
రెండో సందేహానికి: తిరగవు. గ్రిడ్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఎందుకంటే స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కి మీ డాబా నుంచి షాక్ తగలకూడదు. ఇది లోపం కాదు, తప్పనిసరిగా ఉండాల్సిన రక్షణ. ఇప్పుడున్న బ్యాటరీ ఇన్వర్టర్ ఏదైనా ఉంటే దాన్ని అలాగే ఉంచండి, ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు. తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతే కూడా ఫ్రిజ్, మోటారు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (బ్యాటరీతో కూడా నడిచేది), 5 యూనిట్ల లిథియం బ్యాటరీ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది, పెట్టిన డబ్బు బిల్లులో తిరిగిరాదు. ఇంట్లో మందులు ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పెద్దవాళ్ళుంటే ఆ లెక్క వేరు.

ఇన్వర్టర్ మెట్ల గది లోపల గోడకి పెట్టించండి, సముద్రం వైపు బయట గోడకి వద్దు. మధ్యాహ్నాలు "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని ఆగిపోతుంటే ఇన్వర్టర్ మార్చమని గొడవపడకముందు మీటరు దాకా వైరు ఎంత మందమో చూడండి. సన్నటి వైరులో మీరు పంపే కరెంటుకి వోల్టేజీ పెరుగుతుంది. 6 చదరపు మి.మీ. రాగి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ 250 దాటుతుంటే స్తంభం దగ్గర న్యూట్రల్ వదులుగా ఉందేమో చూడమని కరెంటు ఆఫీసులో రాయించండి.

మల్కాపురం_మేడ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది పోర్టు వైపు అపార్ట్‌మెంటు. బొగ్గుధూళి బాగా పడుతుంది, టెర్రస్ ఉమ్మడిది. మాకు వీలవుతుందా?

ఉప్పుగాలి:
వీలవుతుందండి. అసోసియేషన్ తీర్మానం చేసి లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్ల ఉమ్మడి మీటరుకి పెట్టుకోవచ్చు. దానికి కిలోవాటుకి 18,000 సబ్సిడీ ఉంది. ఒక్క ఫ్లాటు మీటరుకి కావాలంటే టెర్రస్ వాడుకోవడానికి అందరి అంగీకారపత్రం తీసుకోండి.

ధూళి విషయం: మీ వైపు రాత్రి మంచుకి బొగ్గుపొడి ముద్దయి కింది అంచున ఫ్రేము పక్కన నల్లటి గీతలా పేరుకుంటుంది. ప్యానెల్ పొడవు వాలు వెంట నిలువుగా ఉంటే ఆ గీత కింది సగాన్ని మొత్తం పడుకోబెడుతుంది. అడ్డంగా పెడితే మూడో వంతే పోతుంది. కాబట్టి మీరు అడ్డంగా పెట్టించుకోండి, వాలు 15 డిగ్రీలు ఉంచండి. వారానికోసారి, ఉదయం ఏడు లోపు, మెత్తటి మాపుతో కడగండి. ఎండెక్కిన అద్దం మీద చల్లనీళ్ళు పొయ్యకండి, పగలొచ్చు. బోరు నీళ్ళు ఉప్పువైతే తెల్లమరకలు కడతాయి, ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు అసలే వద్దు. మున్సిపల్ కుళాయి నీళ్ళు మంచివి. వానాకాలంలో కూడా మానకండి, చినుకులకి ఆ ముద్ద పోదు.

సెక్టార్7 గారికి: రెండో కొటేషన్ వాళ్ళని బోల్టులు 316, దిమ్మల్లో ఎపాక్సీ ఊచలు, వాలు 10 డిగ్రీలు, రెండు వరసల అమరిక, ఈ నాలుగూ రాసి మళ్ళీ ఇమ్మనండి. నాలుగైదు వేలు పెంచితే ఒప్పుకోండి. దిమ్మలు పోసే రోజు మాత్రం పొద్దున్నుంచీ డాబా మీదే ఉండండి. కాంక్రీటు పడిపోయాక లోపల ఊచ ఉందో లేదో ఎవరూ చూపించలేరు.